ఫెండర్ బ్లూస్ జూనియర్ కొత్తగా కొన్నారా? మొదటి కొన్ని వారాల్లో అందరూ అడిగే ప్రశ్నలు

గిటార్ సౌండును గాజు వాక్యూమ్ ట్యూబులతో పెంచే ట్యూబ్ ఆంప్ (ఆంప్లిఫయర్) మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది చూపు ఫెండర్ కంపెనీ బ్లూస్ జూనియర్ మీదే పడుతుంది. 15 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, గిటార్ సిగ్నల్ ముందుగా చేరే మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, ఆ తర్వాత స్పీకర్‌ను నడిపే రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు. 1995 నుంచి ఫెండర్ దీన్ని చేస్తూనే ఉంది, ఇప్పుడు దొరికేది నాలుగో తరం. ఇక్కడి జవాబులన్నీ ఈ ఆంప్‌ను ఎదురుగా పెట్టుకుని రాసినవి. వాక్స్ ఏసీ15 లాంటి వేరే ఆంప్ ఉన్నవాళ్లకు తేడా ఉన్నచోట ఆ తేడా కూడా చెప్పాం.

పెట్టె విప్పగానే ప్లగ్ పెట్టేయవచ్చా?

ఒక పావుగంట ఆగండి. ముందు వెనక పలక మీద వోల్టేజి చూడండి. మన దేశంలో అయితే 230 అని ఉండాలి. తర్వాత ఆంప్ వెనక్కి వెళ్లి వంగి చూస్తే ట్యూబులు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయి. రవాణాలో కుదుపులకు అవి సాకెట్ నుంచి కొద్దిగా జారి ఉంటాయి. ఆంప్ చల్లగా ఉన్నప్పుడే ఒక్కోదాన్ని వేలితో మెల్లగా పైకి, అంటే సాకెట్ వైపు నొక్కండి. గట్టిగా మెలితిప్పకండి, పిన్నులు వంగిపోతాయి.

ఆ తర్వాత స్పీకర్ వైరు చూడండి. దాని ప్లగ్ చాసిస్‌లోని, అంటే సర్క్యూటు ఉండే లోహపు పెట్టెలోని జాక్‌లో పూర్తిగా దిగి ఉండాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ మోగిస్తే పవర్ ట్యూబులను స్పీకర్‌కు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా ఎగిసి లోపలి ఇన్సులేషన్ చిల్లు పడుతుంది. ఆంప్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి, దానికి ఫ్యూజు కాపలా కాయదు. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌కు అలవాటు పడ్డవాళ్లు ఈ సంగతి మాత్రం కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి.

ఏసీ గదిలోంచో కొరియర్ వ్యాన్‌లోంచో అప్పుడే వచ్చి, ఒళ్లంతా చల్లగా ఉంటే లోపల తేమ పట్టి ఉండొచ్చు. గది వేడికి వచ్చేదాకా ఒకటి రెండు గంటలు అలాగే వదిలేయండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న ఆంప్ ఇక్కడ పనిచేస్తుందా?

తెలుగువాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అక్కడ కొన్నది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసిన ఆంప్. దాన్ని మన గోడ ప్లగ్‌లో పెడితే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు పోతాయి. ల్యాప్‌టాప్ చార్జర్‌లా ఏ వోల్టేజికైనా సర్దుకునే గుణం దీనికి లేదు.

దారి ఒక్కటే: 230 నుంచి 110 లేదా 120 వోల్టులకు దించే, ఇనుప కోర్ ఉన్న అసలైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రయాణాలకని అమ్మే, అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లు హెయిర్ డ్రయ్యర్ల కోసం చేసినవి. వాటి నుంచి వచ్చే కరెంటు తరంగం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఆంప్‌కు పనికిరాదు. ఆంప్ వెనక రాసిన వాట్లకు కనీసం రెండింతలు మోసేది తీసుకోండి. ఈ ఆంప్‌కు 300 వీఏ (వోల్ట్ ఆంపియర్, ఇంచుమించు వాట్లలాంటి కొలత) ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా సరిపోతుంది.

కొనేటప్పుడు మూడు చూడండి. ఎర్త్ పిన్ను ఇటు నుంచి అటు నిజంగా కలిసి ఉందా, అవుట్‌పుట్ సాకెట్ మూడు పిన్నులదేనా, మల్టీమీటర్‌తో కొలిస్తే అవుట్‌పుట్ ఎంత వస్తోంది. మూడోది ఎందుకంటే మన లైన్లో ఒక్కోసారి 250 దాకా వస్తుంది. అప్పుడు 120 రావలసిన చోట 130 వస్తుంది. 6.3 వోల్టులు ఉండాల్సిన ట్యూబ్ హీటర్లకు 6.8 దాటి అందుతుంది, ప్లేట్ వోల్టేజీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒక్క రోజులో ఏమీ కాదు కానీ పవర్ ట్యూబుల ఆయుష్షు తగ్గుతుంది. స్టెప్‌డౌన్‌కు 110 వోల్టుల అవుట్‌పుట్ (ట్యాప్) కూడా ఉంటే అలాంటి ఇళ్లలో అదే మేలు.

స్టెప్‌డౌన్ వోల్టేజిని మారుస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. మొదటి రోజు గంటసేపు వాయించాక పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉండటం సహజం, చెయ్యి రెండు మూడు క్షణాలు కూడా ఆనించలేనంత కాలితే ఆపి మెకానిక్‌కు చూపించండి.

ఎర్త్ లేని ప్లగ్‌లో పెడితే ఏమవుతుంది?

గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ చాసిస్‌కు కలిసే ఉంటాయి. అంటే చాసిస్‌కు కరెంటు వస్తే అది మీ వేళ్లకు వస్తుంది. పాడేవాళ్లయితే మైక్ పెదాలకు తగిలినప్పుడు షాక్ కొడుతుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. మూడో పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల అడాప్టర్ వాడటం ఏ పరిస్థితిలోనూ చేయకండి, హమ్ (గుయ్‌మనే మోత) తగ్గుతుందని ఎవరు చెప్పినా సరే.

పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. అక్కడ దాదాపు లైన్ వోల్టేజి అంతా చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మాత్రం రెండు మూడు వోల్టులకు మించకూడదు.

దీనికి స్టాండ్‌బై స్విచ్ లేదేమిటి? పాడైపోదా?

పాడవదు. స్టాండ్‌బై అంటే ట్యూబులు వేడెక్కుతూ ఉండగా సౌండు మాత్రం ఆపి ఉంచే స్విచ్. ఈ స్థాయి వోల్టేజిల దగ్గర స్టాండ్‌బై లేకపోయినా ట్యూబులకు ఇబ్బంది లేదు. ఆన్ చేశాక అర నిమిషంలోపు సౌండు మొదలవుతుంది, అసలు గొంతు రావడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. వాక్స్ ఏసీ15 లాంటి స్టాండ్‌బై ఉన్న ఆంప్‌లలో ముందు పవర్, ఒక నిమిషం తర్వాత స్టాండ్‌బై వేయండి. గంటల తరబడి స్టాండ్‌బైలో వదిలేయడం మాత్రం ట్యూబులకు మంచిది కాదు. టీ తాగి వచ్చేంతసేపైతే పర్వాలేదు, భోజనానికి వెళ్తుంటే పూర్తిగా ఆపేయండి.

వాల్యూమ్ అనీ మాస్టర్ అనీ రెండున్నాయి. ఏది ఎంత పెట్టాలి?

మొదటి రోజు నిరాశకు సగం కారణం ఇక్కడే ఉంటుంది. వాల్యూమ్ నాబ్ ముందున్న ట్యూబుల్లోకి ఎంత సిగ్నల్ తోయాలో నిర్ణయిస్తుంది. మాస్టర్ ఆ వచ్చినదాంట్లో ఎంత పవర్ ట్యూబులకు వదలాలో నిర్ణయిస్తుంది. కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి. ఈ ఆంప్ నాబుల మీద అంకెలు 12 దాకా ఉంటాయి, కింద చెప్పినవన్నీ ఆ లెక్కలోనే.

శుభ్రమైన సౌండు కావాలంటే మాస్టర్ 10 పైన ఉంచి, వాల్యూమ్‌ను 1 నుంచి మెల్లగా పెంచండి. 2, 3 దగ్గరే గది నిండిపోతుంది. తీగను గట్టిగా మీటినప్పుడు మాత్రమే కొద్దిగా చిట్లే సౌండు కావాలంటే రెండూ 5, 6 దగ్గర పెట్టండి. ఈ ఆంప్ బతికేది అక్కడే అని మా అభిప్రాయం: మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే గరగరగా, మధ్యలో అన్ని మెట్లతో.

ఇంట్లో రాత్రి పూట వాల్యూమ్ 8, మాస్టర్ 1 పెట్టుకుంటే డిస్టార్షన్ వస్తుంది కానీ పల్చగా, తేనెటీగల మోతలా ఉంటుంది. అప్పుడు పనిచేస్తున్నవి ముందు ట్యూబులే. పవర్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ మూడూ దాదాపు నిద్రపోతుంటాయి. ఆ సౌండు విని ఆంప్ మీద తీర్పు చెప్పకండి.

టోన్ నాబులకు మొదలుపెట్టే చోటు: ట్రెబుల్ 5, మిడిల్ 7, బాస్ 4, రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటిది) 2, సౌండును దళసరి చేసే ఫ్యాట్ స్విచ్ ఆఫ్. మిడిల్ సగానికన్నా పైన పెట్టడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఫెండర్ తరహా టోన్ సర్క్యూట్ తన పద్ధతిలోనే మధ్య స్వరాలను బాగా తగ్గిస్తుంది, అన్నీ 6 దగ్గర పెడితే సమంగా ఉన్నట్టు కాదు. ఇంకో మాట: గిటార్ మీది వాల్యూమ్ నాబ్ వాడండి. ఆంప్‌ను చిట్లే స్థాయిలో పెట్టి, గిటార్ నాబ్‌ను 10 నుంచి 6కు తగ్గించి చూడండి. ఫుట్‌స్విచ్ తొక్కకుండానే సౌండు శుభ్రపడుతుంది. ట్యూబ్ ఆంప్ కొన్న డబ్బుకు ఫలం ఈ ఒక్క నాబ్‌లో తెలుస్తుంది.

15 వాట్లే కదా, ఇంత మోతేమిటి?

గిటార్ స్పీకర్లు ఒక్క వాటుతోనే మీటరు దూరంలో 100 డెసిబెల్స్‌కు అటూ ఇటూ మోగుతాయి. 15 వాట్లంటే దానికి ఇంకో 12 కలుపుకోండి. అదే లెక్క కిందికి వస్తే, వాటులో వెయ్యో వంతుకు కూడా 70 డెసిబెల్స్ వస్తుంది. నివాస ప్రాంతాల్లో మన చట్టం అనుమతించే శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొట్టడంలో వింతేమీ లేదు.

15 బదులు 30 వాట్ల ఆంప్ కొన్నా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే చెవికి కొంచెం తేడా. కాబట్టి తక్కువ వాట్ల ఆంప్ కొంటే ఇంట్లో వాయించుకోవచ్చు అనే లెక్క 5 వాట్ల దగ్గర కూడా పూర్తిగా పనిచేయదు. ఇంటికి కావలసింది అటెన్యూయేటర్. అది ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య కూర్చుని ఎక్కువ శక్తిని వేడిగా మార్చేస్తుంది. బ్లూస్ జూనియర్ స్పీకర్ 8 ఓములది, అటెన్యూయేటర్ కూడా 8 ఓములదే కావాలి. మధ్యలో వాడే కేబుల్ స్పీకర్ కేబుల్ అయి ఉండాలి. ప్లగ్ ఒకేలా ఉంటుంది కదా అని గిటార్ కేబుల్ వాడితే దాని సన్నటి లోపలి తీగ వేడెక్కుతుంది, తెగితే ఆంప్ స్పీకర్ లేకుండా మోగినట్టే. మరీ ఎక్కువగా, 15, 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తే సౌండు మందంగా అనిపిస్తుంది. అందులో కొంత అటెన్యూయేటర్ తప్పు కాదు, తక్కువ శబ్దంలో మన చెవికే బాస్, ట్రెబుల్ సరిగ్గా ఆనవు.

షాపులో బాగుంది, ఇంట్లో సౌండు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. ట్యూబులు మార్చాలా?

వద్దు. ట్యూబుల జోలికి వెళ్లే ముందు ఆంప్‌ను కదిలించండి. డబ్బు ఖర్చు లేని ఈ పని తెచ్చే తేడా ఏ ట్యూబూ తేలేదు.

12 అంగుళాల స్పీకర్ నుంచి పై స్వరాలు టార్చిలైటులా నేరుగా ముందుకు పోతాయి. ఆంప్ నేల మీద, మీరు నిలబడి ఉంటే ఆ వెలుగంతా మీ మోకాళ్లకు తగులుతుంది, చెవికి మిగిలేది మందమైన బాస్. దాంతో మీరు ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. ఆంప్‌ను ఒక గట్టి స్టూల్ మీద, నేల నుంచి రెండడుగుల ఎత్తులో పెట్టండి, లేదా వెనక్కి వాల్చి నిలబెట్టే స్టాండ్ వాడండి. ఇప్పుడు స్పీకర్ ఎదురుగా చెవి పెట్టి ట్రెబుల్ మళ్లీ సర్దండి.

తర్వాత గోడ. ఈ పెట్టె వెనకభాగం తెరిచి ఉంటుంది కాబట్టి సౌండు వెనక నుంచి కూడా వస్తుంది. గోడకు ఆనించి పెడితే అది గుప్పున తిరిగొచ్చి ముందుదాన్ని చెడగొడుతుంది. ఒకటిన్నర, రెండడుగులు ముందుకు జరపండి. మూలలో పెడితే బాస్ పెరుగుతుంది, బాస్ చాలడం లేదనుకునేవాళ్లు దీన్నే వాడుకోవచ్చు. మన ఇళ్లలో టైల్స్ నేల, ఖాళీ గోడలు, గాజు కిటికీలు ఎక్కువ. ఆంప్ ముందు ఒక దళసరి దుప్పటి పరిచినా పై స్వరాల గోల తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొంత డబ్బా గుణం మిగులుతుంది, దాన్ని దాచడం ఎందుకు? పెట్టె చిన్నది. అందులోంచి పెద్ద ఆంప్‌లాంటి లోతైన బాస్ రాదు. బాస్ నాబ్ పెంచితే లోతు రాదు, బురద వస్తుంది. శుభ్రమైన, విశాలమైన సౌండే మీకు ముఖ్యమైతే పెద్ద పెట్టె ఉన్న ఆంప్ చూసుకోవడమే మేలు.

కొత్త స్పీకర్ వాడేకొద్దీ బాగుపడుతుందనేది నిజమేనా?

నిజమే, కాస్త మాత్రమే. కాగితపు కోన్ అంచులు, లోపల దాన్ని పట్టుకునే గుడ్డ చక్రం కొత్తలో బిగువుగా ఉంటాయి. పది ఇరవై గంటలు ఓ మాదిరి గట్టిగా వాయించాక వదులై పై స్వరాల పదును తగ్గుతుంది. నచ్చని సౌండు నచ్చేదిగా మారిపోదు. షాపులో వెనక్కి ఇచ్చే గడువు ఉంటే ఆ గంటలు అందులోపే పూర్తి చేసుకోండి.

ఊరికే ఉన్నప్పుడు కూడా సౌండు వస్తోంది. ఎంతవరకు మామూలు?

గిటార్ కేబుల్‌ను ఆంప్ నుంచి పూర్తిగా పీకేయండి. ఖాళీ జాక్ ఇన్‌పుట్‌ను దానంతట అదే గ్రౌండ్‌కు కలుపుతుంది. సౌండు దాదాపు పోయిందంటే గొడవ గిటార్‌దో, కేబుల్‌దో, గదిదో. సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కింద ఉండే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంతాలు) ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్ఈడీ బల్బు, ల్యాప్‌టాప్ చార్జర్, ఇన్వర్టర్ అన్నింటి నుంచీ హమ్ లాగుతాయి. గిటార్ పట్టుకుని గుండ్రంగా తిరిగితే ఒక దిక్కున తగ్గుతుంది.

కేబుల్ పీకినా ఉంటే దాని స్వరం పట్టుకోండి. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లోని జీ స్వరం 98 హెర్ట్జ్. హమ్ దానికి దగ్గరగా, రెండో మూడో ఎక్కువగా ఉన్నట్టుంటే అది 100 హెర్ట్జ్, అంటే కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు లేదా సరిగ్గా జతకాని పవర్ ట్యూబుల వైపు చూడాలి. ఆ జీకి ఒక స్థాయి కింద గుయ్‌మంటుంటే అది 50 హెర్ట్జ్, గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం) గానీ హీటర్ వైరింగ్ గానీ కారణం. అమెరికాలో ఇవే 120, 60 అవుతాయి. అక్కడివాళ్లు ఐదో తీగ రెండో ఫ్రెట్ బీ స్వరానికి కాస్త కిందగా వినాలి. మాస్టర్ పెంచితే పెరిగే, గాలి వీస్తున్నట్టుండే సన్నటి శబ్దం అన్ని ట్యూబ్ ఆంప్‌లలో ఉంటుంది, కంగారు అక్కర్లేదు.

టింగుమని గంట మోగినట్టు, లేదా దానంతట అదే కూతపెడితే ఒక ట్యూబు మైక్రోఫోనిక్ అయింది, అంటే మైకులా కదలికలను పట్టి సౌండుగా మారుస్తోంది. ఆంప్ ఆన్‌లో ఉంచి, పెన్సిల్ రబ్బరు వైపుతో ట్యూబులను ఒక్కోదాన్నీ మెల్లగా తట్టండి. ఇన్‌పుట్ దగ్గరున్న మొదటి ట్యూబు తట్టినప్పుడు కొంచెం టక్‌మనడం సహజం, తట్టాక కూడా మోగుతూ ఉంటే అదే దొంగ. ఆంప్ ఆపి, చల్లారాక, దాన్ని మూడో 12ఏఎక్స్7తో తారుమారు చేస్తే చాలాసార్లు సమస్య అక్కడితో పోతుంది. ఆ చివరి స్థానంలో ట్యూబు చేసిన అల్లరి అంతగా పెద్దది కాదు.

ట్యూబులో నీలం వెలుగు కనిపిస్తోంది. ప్రమాదమా?

గాజు గోడకు అంటుకున్నట్టుండే నీలం కాంతి ప్రమాదం కాదు, వాయిస్తుంటే తీగలతో పాటు ఆడుతుంది కూడా. లోపలి లోహపు పలకల మధ్య గులాబీ, ఊదా మబ్బులా కనిపిస్తే గ్యాస్ చేరినట్టు, ట్యూబు మార్చాలి. పైభాగంలో వెండిలా మెరిసే మచ్చ తెల్లబడితే గాజు పగిలి గాలి దూరింది.

అసలు భయపడాల్సింది ఎరుపుకు. హీటరు నారింజ రంగులో వెలగడం మామూలే. దాని చుట్టూ ఉన్న బూడిద రంగు ప్లేటు ఎర్రబారితే క్షణం ఆలోచించకుండా స్విచ్ ఆపండి. బయాస్ (పవర్ ట్యూబులోంచి పారే కరెంటును అదుపు చేసే అమరిక) తప్పింది, లేదా ట్యూబు షార్టయింది. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్ల స్లో బ్లో (కాస్త ఆగి తెగే) ఫ్యూజు మాత్రమే వేయండి, రెండోసారి కూడా పోతే ఇక వేయకండి. వైరు ముక్క చుట్టి నడిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌తో తీరుతుంది.

పెడల్స్ ఎక్కడ పెట్టాలి?

ఈ ఆంప్‌లో ఎఫెక్ట్స్ లూప్, అంటే ముందు ట్యూబుల తర్వాత పెడల్స్ తగిలించే జాకులు లేవు, అన్నీ గిటార్‌కూ ఆంప్‌కూ మధ్యే. కాబట్టి ఆంప్ డిస్టార్షన్ మీద ఆధారపడేవాళ్లకు డిలే (వాయించినదాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే పెడల్) గజిబిజిగా వినిపిస్తుంది. ఆంప్‌ను శుభ్రంగా ఉంచి డిస్టార్షన్ పెడల్ నుంచి తీసుకుంటే డిలే దాని తర్వాత పెట్టుకుని హాయిగా వాడొచ్చు. ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో బాగా పనిచేసే చిట్కా: డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ పూర్తిగా. పెడల్ సొంతంగా గరగరలాడకుండా మొదటి ట్యూబునే తోస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపవచ్చా?

సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే నడపవచ్చు. స్క్వేర్ వేవ్ రకమైతే వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడంతో పాటు స్పీకర్‌లో గీకుతున్నట్టు బుయ్‌మంటుంది. కరెంటు పోయి వెంటవెంటనే వస్తూ పోతూ ఉంటే స్విచ్ ఆపేసి, స్థిరపడ్డాక వేసుకోండి.

ట్యూబులు ఎప్పుడు మార్చాలి, ఎక్కడివి కొనాలి?

క్యాలెండర్ చూసి మార్చేవి కావు. సౌండులో దమ్ము తగ్గడం, బాస్ వదులవడం, వాల్యూమ్ తనంతట తాను పెరగడం తగ్గడం మొదలైతే ఈఎల్84 జత చూడాలి. రోజూ గట్టిగా వాయించేవాళ్లకు ఏడాది రెండేళ్లు వస్తాయి, 12ఏఎక్స్7లు అంతకు ఎన్నో రెట్లు మన్నుతాయి. ఈఎల్84లు ఎప్పుడూ మ్యాచ్ చేసిన, అంటే ఒకేలా కరెంటు తీసుకునేవిగా కొలిచి ఏరిన జతగానే కొనండి. ఈ ఆంప్‌లో బయాస్ సర్దే స్క్రూ లేదు, అందుకే జత సరిగ్గా ఉండటం ఇక్కడ మరీ ముఖ్యం.

ఇప్పుడు కొత్తవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్, అంటే బీఈఎల్, మన రేడియోల కోసం వాల్వులు తయారుచేసేది. ఈసీసీ83 అని రాసి ఉన్నది 12ఏఎక్స్7కు యూరప్ పేరు, నేరుగా పెట్టుకోవచ్చు. పాత రేడియో మెకానిక్‌ల దగ్గర బీఈఎల్ ట్యూబు కనిపిస్తే టెస్టర్ మీద చూపించమని అడిగి తీసుకోండి. వాడి పారేసినదానికీ, డబ్బా విప్పనిదానికీ బయటికి తేడా తెలియదు.

చిన్న చిన్న పనులకు చాసిస్ విప్పవచ్చా?

ట్యూబులు మార్చడం వరకు మీ పని. చాసిస్ బయటికి తీయాల్సిన ఏ పనైనా తెలిసినవాళ్లకే వదలండి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. వాటిని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో కొలిచి సున్నా అని చూసుకున్నాకే మెకానిక్ చెయ్యి పెడతాడు.

వాడనప్పుడు ఎలా ఉంచాలి?

ట్యూబులు చల్లారడానికి ఇరవై నిమిషాలు ఇచ్చి గుడ్డ కవర్ వేయండి. ప్లాస్టిక్ వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో నెలకు రెండు మూడు సార్లైనా అరగంట ఆన్ చేస్తే ఆ వేడికే లోపలి తేమ ఆరుతుంది. నాబులు తిప్పితే కరకరమంటే ఆంప్ ఆపి, ఒక్కోదాన్ని ఇరవై సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, చాలావరకు పోతుంది. వెనక తెరిచి ఉన్న పెట్టె కాబట్టి బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి దూరతాయి. కవర్ కింది అంచు నేలను తాకేలా ఉండాలి, నెలకోసారి టార్చితో లోపలికి చూసుకోవాలి.